పాత మెటాడోర్‌తో బెంగళూరు నుంచి స్పితి: ముందు మంచమా, బ్రేకులా?

ఎలహంక_రాజు
పాత మెటాడోర్ ఒకటి తీసుకున్నాను. ఒకప్పుడు ఏదో ట్రస్టు వాళ్ల అంబులెన్స్. తర్వాత హోసూరు రోడ్డు పక్కన ఒకాయన షెడ్డులో కవరు కప్పుకుని ఏళ్ల తరబడి పడుంది. ఇంజిన్ మార్చి ఉంది, టెంపో ట్రాక్స్‌లో వచ్చే ఓఎం616 డీజిల్ ఇంజిన్. ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, పొగ కూడా పెద్దగా లేదు.

ప్లాను ఇదీ. పిల్లలకు సెలవులు ఇచ్చాక ఏప్రిల్ మూడో వారంలో బయల్దేరి, ఎన్‌హెచ్44 పట్టుకుని హైదరాబాద్, నాగపూర్, ఆగ్రా, ఢిల్లీ, అక్కణ్నుంచి సిమ్లా, కిన్నౌర్ మీదుగా హిమాచల్ కొండల్లోని స్పితి. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, మా అత్తగారు.

బండి కొన్నాక చేతిలో మూడు లక్షలు మిగిలాయి. కార్పెంటర్ రెండున్నర అడుగుతున్నాడు. 19 ఎంఎం ప్లైతో మంచం, పైన డబ్బాలు, వంట గట్టు, వంద లీటర్ల నీళ్ల ట్యాంకు, మా ఇంట్లో ఖాళీగా ఉన్న 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, ఇన్వర్టరు. అడ్వాన్సు ఇమ్మంటున్నాడు. మా మెకానిక్కేమో "ఇంజిన్ బంగారం సార్, ఆయిల్ మార్చుకుని వెళ్లిపోండి" అంటున్నాడు. మిగిలే యాభై వేలు మెకానికల్ పనికి చాలవా? ముందు ఏది చేయించాలి?

కేఆర్పురం_ట్రాఫిక్
ఎలహంక నుంచి బయల్దేరుతున్నారు కాబట్టి బతికిపోయారు. మా వైపు నుంచైతే టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దాటేసరికే బండికి ఇంకో ఐదేళ్లు వయసొచ్చేది.

పాత_పానా
అడ్వాన్సు ఇవ్వకండి.

ఏళ్ల తరబడి కదలని బండిలో అన్నిటికంటే ఆఖర్న చెడేది ఇంజిన్. ముందు పోయేవి రబ్బరు సామాన్లు. నాలుగు చక్రాలూ, డ్రమ్ములూ విప్పించి దగ్గర నిలబడి చూడండి. వీల్ సిలిండర్ (బ్రేకు షూలను నెట్టేది) కొసన రబ్బరు బూటు ఉంటుంది, దాన్ని వేలితో కొద్దిగా పైకెత్తండి. లోపల తడిగా ఉంటే సిలిండర్‌లోని రబ్బరు కప్పులు పోయినట్టే. కిట్ వేస్తే చాలా, సిలిండరే మార్చాలా అన్నది లోపలి గోడ చెబుతుంది. గుడ్డతో తుడిచి చిటికెన వేలు లోపల పెట్టి తిప్పండి. నున్నగా ఉంటే కిట్ చాలు, గోటికి గుంటలు తగిలితే కొత్తది వేయాల్సిందే. గుంటలున్న సిలిండర్‌లో కొత్త కిట్ వేసినా అట్టే కాలం ఆగదు, మళ్లీ కారుతుంది.

బ్రేక్ ఆయిల్ మొత్తం తీసేయించండి. అది గాల్లోని తేమను పీలుస్తుంది. ఊళ్లో తిరిగినంత కాలం తెలియదు. ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు కాగాయంటే ఆ తేమ ఆవిరవుతుంది, పెడల్ నేలకు ఆనుతుంది. మాస్టర్ సిలిండర్ కిట్, చక్రాల దగ్గరి రబ్బరు హోసులు, క్లిప్పుల కింద తుప్పు పట్టిన ఇనప పైపులు కూడా చూడాలి. క్లిప్పు విప్పితే గానీ ఆ తుప్పు కనబడదు.

ఇవన్నీ అయ్యాక మంచం సంగతి.

గుజిరీ_గణేశ
పానా గారి మాటే నాదీ. ఇంజిన్ సామాన్లకు మీరు భయపడక్కర్లేదు. ఆ ఇంజిన్ ట్రాక్స్‌లకీ ట్రావెలర్లకీ వచ్చింది కాబట్టి జేసీ రోడ్డులో ఏదైనా దొరుకుతుంది. అసలు తిప్పలు మెటాడోర్‌కే ప్రత్యేకమైన వాటితో. ముందు అద్దం, దాని రబ్బరు బీడింగు, డోర్ల తాళాలు, స్టీరింగ్ లింకులు. శివాజీనగర్ గుజిరీలో, అంటే పాత సామాన్ల బజారులో వెతకాలి, దొరికిన రోజే కొనెయ్యాలి.

ఒక మాట. షాపుకు వెళ్లి "మెటాడోర్ వీల్ సిలిండర్ ఇవ్వండి" అనకండి. విప్పిన పాత ముక్క చేత్తో పట్టుకెళ్లి కౌంటర్ మీద పెట్టండి. బేరింగ్ అయితే దాని అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, అది చెబితే ఏ ఊళ్లోనైనా ఇస్తారు.

ఆమ్నీ_సుధ
రాజు గారూ, మాది 80ల నాటి మారుతి వ్యాన్, 796 సీసీ. దాన్లోనే కచ్ దాకా వెళ్లొచ్చాం. మా ఇంటీరియర్ మొత్తం ఖర్చు చెబితే నవ్వుతారు. వెనక సీటు తీసి, అల్యూమినియం సెక్షన్ మీద 9 ఎంఎం ప్లై పలక, పైన పరుపు. అంతే.

మీ లిస్టు చదువుతుంటే నాకు బ్రేకుల కంటే బరువు గురించి భయమేసింది. 19 ఎంఎం ప్లై ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 34 కేజీల దాకా తూగుతుంది. వంద లీటర్ల నీళ్లంటే వంద కేజీలు. ట్యూబులర్ బ్యాటరీ ఇంకో 55. ఖాళీ బండిని ఒకసారి కాటా మీద ఎక్కించి చూశారా?

ఎలహంక_రాజు
లేదు సుధ గారూ. అయినా ఇది టన్నులకు టన్నులు మోసిన బండి కదా, నాలుగు ప్లై ముక్కలకేమవుతుంది?

సీమ_డీజిల్
మోసింది నిజమే అన్నా, వయసులో ఉన్నప్పుడు మోసింది. కమాన్ కట్టలు, అదే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీలు, ఇప్పుడు ఎట్లున్నాయో చూడు. పట్టీల మధ్య తుప్పు పొరలు పెరిగి ఎడం వచ్చుంటుంది. కట్ట తిరగేసి వంగి ఉందంటే కొత్త పట్టీ వేసి మళ్లీ వంపు కొట్టించాల. కలాసిపాళ్యం వైపు ఆ పని చేసేవాళ్లు ఇంకా ఉన్నారు.

ఇంకో సంగతి. మీరందరూ స్పితి చలి గురించి ఆలోచిస్తున్నారు. ఈ బండికి అసలు పరీక్ష ఆదిలాబాద్ దాటినాక మొదలయితాది. ఏప్రిల్ ఆఖర్న విదర్భలో ఎండ 43, 44 ఉంటాది. ఏసీ లేని బండి, పాత రేడియేటర్, లోపల అత్తగారు. ఆలోచించుకో.

కేఆర్పురం_ట్రాఫిక్
మూడింట్లో ముందు మరిగేది ఏదో పందెం కాద్దామా?

ఎలహంక_రాజు
మా ఆవిడ కూడా ఈ థ్రెడ్ చదువుతోంది ట్రాఫిక్ గారూ. కాస్త చూసి రాయండి.

సీమ_డీజిల్
రేడియేటర్ దింపి రాడింగ్ చేయించు. పైట్యాంకు టంకం ఊడదీసి ట్యూబుల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేస్తారు. బెంగళూరు బోరు నీళ్లు పోసి పోసి లోపల సున్నం కట్టుంటాది. మళ్లీ బోరు నీళ్లు పోయద్దు, కలిపి అమ్మే కూలెంట్ పోయి. హోసులు, ఫ్యాన్ బెల్టు కొత్తవి వేసి పాతవి స్పేరుగా పెట్టుకో. మా అనంతపురంలో అయితే ఎండాకాలం థర్మోస్టాట్ వాల్వు కూడా పీకి పారేస్తాం. నీళ్లు అడ్డం లేకుండా తిరుగుతాయి, బండి వేడెక్కదు.

పాత_పానా
మిగతాదంతా సరే, ఆ ఆఖరి మాట మాత్రం వినకండి రాజు గారూ. ఓఎం616లో థర్మోస్టాట్‌కి రెండు పనులు. వేడెక్కినప్పుడు పైభాగం రేడియేటర్ దారి తెరుస్తుంది, అదే సమయంలో కింది పళ్లెం బైపాస్ దారిని మూస్తుంది. వాల్వు పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే ఇంజిన్‌లోకి తిరిగొస్తుంది. ఎండలో ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది. స్పితిలోనేమో పొద్దున్నే ఇంజిన్ వేడి పట్టక తెల్ల పొగ కక్కుతుంది.

సీమ_డీజిల్
మాకు ఏళ్లుగా నడుస్తోంది మాస్టారూ.

పాత_పానా
ఏ బండికి?

సీమ_డీజిల్
టాటా 407లకి.

పాత_పానా
అది వేరే ఇంజిన్ నాయనా.

సీమ_డీజిల్
సరే, ఒప్పుకున్నా. అయినా ఎండాకాలం ఘాట్ ఎక్కేటప్పుడు మీ మాట గుర్తుపెట్టుకుని దణ్ణం పెట్టుకుంటా.

గుజిరీ_గణేశ
థర్మోస్టాట్ పనిచేస్తుందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. పాత గిన్నెలో నీళ్లు పోసి, దారంతో కట్టి వేలాడదీసి, పొయ్యి మీద పెట్టండి. గిన్నె అడుక్కి తగలకూడదు. 80 డిగ్రీలు దాటుతుండగా తెరుచుకోవడం మొదలవ్వాలి, నీళ్లు మరిగేలోపు పూర్తిగా తెరుచుకోవాలి. సగంలో ఆగితే కొత్తది కొనండి, పెద్ద ఖరీదేం కాదు.

కేఆర్పురం_ట్రాఫిక్
అత్తగారి సాంబారు గిన్నె వాడకండి. అప్పుడు రేడియేటర్ అవసరం ఉండదు, ప్రయాణమే ఉండదు.

కాగితాల_కామేశం
ఇంతమంది ఇన్ని రాశారు, ఒక్కరూ ఆర్సీ అడగలేదు. రాజు గారూ, మూడు ప్రశ్నలు. ఆర్సీలో బాడీ టైపు ఏమని ఉంది? ఇంజిన్ నంబరు ఇప్పుడున్న ఇంజిన్‌దేనా? సీటింగ్ ఎంత?

ఎలహంక_రాజు
ఇప్పుడే తీసి చూశాను. ఇంజిన్ నంబరు సరిపోయింది, పాత ఓనర్ ఎక్కించారు. బాడీ టైపు ఇంకా అంబులెన్స్ అనే ఉంది. రెన్యువల్ అయింది కదా, ఫర్వాలేదనుకున్నా.

కాగితాల_కామేశం
ఫర్వా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న దానికి భిన్నంగా బండిని మార్చాలంటే ఆర్టీఓ అనుమతి కావాలి. మీరు అంబులెన్స్ ఆర్సీతో లోపల మంచం, గ్యాస్ పొయ్యి పెట్టుకుని తిరుగుతుంటే చెక్‌పోస్టులో ఫైన్ చిన్న విషయం. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకు క్లెయిం తిప్పికొట్టడానికి అదొక్కటి చాలు. మా బంధువుల బండికి సరిగ్గా ఇలాగే జరిగింది, ఏ కంపెనీయో రాయను. వాహన్ పోర్టల్లో సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ అనే క్లాసే ఉంది. దానికి మార్పించుకోండి. కార్పెంటర్ కంటే ముందు ఏజెంటుతోనో, నేరుగా యలహంక ఆర్టీఓలోనో మాట్లాడి, ఏ డ్రాయింగు కావాలో, ఏం ఉండొచ్చో ఏం ఉండకూడదో తెలుసుకోండి. అంతా కట్టేశాక పీకమంటే ఏడుపే.

రెండో సంగతి, ఢిల్లీ వైపు పోకండి. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు రాజధాని ప్రాంతంలో తిరగకూడదని 2015లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్నే నిలబెట్టింది. తర్వాత కోర్టుల్లో మలుపులు తిరుగుతూనే ఉంది, మీకెందుకు ఆ రిస్క్? పైగా రాజధాని ప్రాంతమంటే ఒక్క ఢిల్లీ కాదు. గురుగ్రామ్, ఫరీదాబాద్, నోయిడా, పానిపట్, కర్నాల్, అటు రాజస్థాన్‌లో అల్వర్, భరత్‌పూర్ కూడా అందులోవే. నాగపూర్ నుంచి భోపాల్, కోటా, జైపూర్, సీకర్, హిసార్ మీదుగా పంజాబ్‌లోకి దిగి సిమ్లా వైపు తిరగండి. ఆగ్రా ఈసారికి వదిలేయండి.

ఎలహంక_రాజు
తాజ్‌మహల్ చూపిస్తానని పిల్లలకు మాటిచ్చానండీ!

కాగితాల_కామేశం
రైల్లో తీసుకెళ్లండి.

వైట్‌ఫీల్డ్_వోల్ట్
వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఈ గొడవలన్నీ ఉండవు కదా? 2021లో కొత్త రూల్ వచ్చింది, వీఏ అని ప్రత్యేకం నంబరు ఇస్తారు.

కాగితాల_కామేశం
అది 50 ఏళ్లు దాటిన బళ్లకు. ఈ మెటాడోర్‌కి అంత వయసుండదనుకుంటా. ఉన్నా చేయించకూడదు. ఆ నంబరు ఉన్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు పోయించుకోవడానికి, రిపేరుకు తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పకూడదు. లాంగ్ టూర్ వెళ్లాలనుకునేవాడు ఆ నంబరు తీసుకుంటే షెడ్డులో పెట్టుకుని చూసుకోవడమే.

వైట్‌ఫీల్డ్_వోల్ట్
అర్థమైంది. నా సబ్జెక్టుకు వస్తాను. రాజు గారూ, ఆ ట్యూబులర్ బ్యాటరీ బండిలో వద్దు. బరువు సంగతి సుధ గారు చెప్పారు. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, గతుకుల్లో యాసిడ్ తొణుకుతుంది, దాని పక్కనే మీరు పడుకుంటారు. 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ 13 కేజీల లోపు వస్తుంది, వాడుకోగలిగే కరెంటు దాదాపు అంతే. ఒక్క జాగ్రత్త. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదు. మేలో కూడా స్పితిలో రాత్రిళ్లు సున్నా కిందికి పోతుంది. కాబట్టి బ్యాటరీ బండి బయట కింద కాకుండా లోపల పెట్టండి. పొద్దున్నే ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఛార్జింగ్ ఎక్కకుండా స్విచ్ పెట్టుకోండి. చలికి తానే ఛార్జింగ్ ఆపుకునే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్నదైతే ఇంకా మంచిది.

బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరే వైరుకు జానెడు లోపే ఫ్యూజు ఉండాలి. పాత బండ్లలో మంటలు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. హెడ్‌లైట్లకు రిలే పెట్టించండి. అన్నేళ్ల పాత వైరింగ్‌లోంచి, డాష్‌బోర్డు స్విచ్‌లోంచి తిరిగొచ్చేసరికి బల్బుకు 12 వోల్టులు అందవు. రెండు కేజీల ఏబీసీ పౌడర్ సిలిండర్ ఒకటి డ్రైవర్ చేతికి అందేలా.

ఆమ్నీ_సుధ
పెట్రోలు బండ్ల వాళ్లు ఎవరైనా చదువుతుంటే ఒక మాట. ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. పాత కార్బ్యురేటర్ బండ్ల రబ్బరు పైపులు దానికి ఉబ్బి మెత్తబడి చెమరుస్తాయి. ఆమ్నీలో ఇంజిన్ మన సీటు కిందే. మేం ట్యాంకు నుంచి కార్బ్యురేటర్ దాకా పైపులన్నీ ఈ20కి తట్టుకునేవి వేయించుకున్నాకే ఊరు దాటాం.

ఎలహంక_రాజు
నాది డీజిల్ కాబట్టి ఆ గొడవ లేదు. హమ్మయ్య, ఒకటన్నా తగ్గింది.

పాత_పానా
డీజిల్‌కి వేరే గొడవ ఉంది. ట్యాంకు దింపి కడిగించారా? ఏళ్ల తరబడి సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో నీరు చేరుతుంది, అడుగున తుప్పు మడ్డి పడుతుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు అది కదలదు. గతుకుల రోడ్డెక్కిన రోజున కదిలి ఫిల్టర్ మూసుకుపోతుంది, పైపులో ఎయిర్ పడుతుంది. ట్యాంకు కడిగించి, నీరు వేరు చేసే ఫిల్టర్ ఒకటి అదనంగా పెట్టించండి. ఎయిర్ తీయడం మీరే నేర్చుకోండి. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ నురగ పోయి స్వచ్ఛమైన డీజిల్ వచ్చేదాకా ఆగి బిగించడమే. ఆ స్క్రూకి సరిపోయే పానా, గుడ్డ చాలు. కొత్త ఫిల్టర్లు రెండు వెంట ఉండాలి. హీటర్ ప్లగ్గులు నాలుగూ పరీక్ష చేయించండి. బెంగళూరులో మూడు పనిచేసినా స్టార్ట్ అవుతుంది, స్పితిలోని కాజా ఊళ్లో పొద్దున ఆరింటికి అవ్వదు.

సీమ_డీజిల్
ఎత్తుకు పోయేకొద్దీ బండి బలం కూడా తగ్గుతాదన్నా. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్లకు పదో వంతు దాకా పోగొట్టుకుంటాది. పంపు మాత్రం డీజిల్ అంతే పోస్తాంటాది, అందుకే నల్ల పొగ. కంగారు పడి ఎవరితోనూ పంపు సెట్టింగు తిప్పించొద్దు. యాక్సిలేటర్ ఆఖరుదాకా తొక్కకుండా గేరు దించి నింపాదిగా ఎక్కించు.

తిండిపోతు_తార
వంటిల్లు గురించి ఎవరూ అడగట్లేదేంటి? గ్యాస్ ఎలా పెడుతున్నారు?

ఎలహంక_రాజు
ఇంటి సిలిండరే గట్టు కింద పెట్టమన్నాను తార గారూ. అత్తగారు పప్పు, చారు, కూర లేకపోతే బండెక్కనని ముందే చెప్పేశారు. మిక్సీ కూడా కావాలట.

తిండిపోతు_తార
ఇంటి సిలిండర్ వద్దే వద్దు. నిండుగా ఉంటే 30 కేజీలు, పైగా దొర్లితే ఆపలేరు. బంకుల్లో కూడా ఐదు కేజీల చిన్న సిలిండర్లు అమ్ముతున్నారు, కనెక్షన్ పేపర్లు లేకుండా ఇస్తారు. దాన్ని పట్టీతో గోడకు బిగించండి. గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందికి దిగి నేల మీదే కూర్చుంటుంది. సిలిండర్ అరలో నేలకు రంధ్రం ఒకటి పెట్టించి కింద రోడ్డు కనబడేలా వదిలేయండి. దాని మీద ఎవరూ చెప్పుల సంచీ పెట్టకుండా చూసుకోవాలి.

చలికి లోపల పొయ్యి వెలిగించి తలుపులు వేసుకోవద్దు, కుంపటి అసలే వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే పోతారు. రజాయిలు రెండు ఎక్కువ పెట్టుకోండి. అలారం ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది పైకప్పుకు. అత్తగారికి మిక్సీ బదులు పచ్చళ్లు పెట్టించి ఇవ్వండి. ఆవకాయ, గోంగూర, కందిపొడి ఉంటే సగం వంట అయిపోయినట్టే.

కేఆర్పురం_ట్రాఫిక్
ఆవకాయ జాడీ బరువు కూడా కాటాలో కలపండి.

ఆమ్నీ_సుధ
నవ్వులాట కాదుగానీ, బండి నడుస్తున్నప్పుడు అత్తగారు, పిల్లలు ఎక్కడ కూర్చుంటారు?

ఎలహంక_రాజు
మంచం మీదే. అత్తగారు నడుం వాల్చుకుని, పిల్లలు ఆడుకుంటూ రావచ్చనే కదా ఈ బండి కొన్నది. అంబులెన్స్ నాటి అడ్డ బెంచీ కూడా ఒకటి ఉంది.

ఆమ్నీ_సుధ
వద్దు రాజు గారూ. సడన్ బ్రేక్ వేస్తే మంచం మీదున్న పిల్లాడు నేరుగా ముందు అద్దం దగ్గరికి వస్తాడు. ప్లై డబ్బాలు ఊడి వాళ్ల మీద పడతాయి. ముందు వైపు తిరిగిన సీటు ఒకటి, మూడు బెల్టులతో, ఛాసిస్‌కి బోల్టులేసి పెట్టించండి. నేల రేకుకు కాదు, రేకు చిరిగిపోతుంది. మంచం ఆగినప్పుడు మాత్రమే.

సీమ_డీజిల్
అక్కా, మనమంతా చిన్నప్పుడు మెటాడోర్ వెనకాల పెళ్లిళ్లకు పదహైదు మంది కూర్చుని పోలేదా? అప్పుడు ఏ బెల్టులున్నాయి?

ఆమ్నీ_సుధ
పోయాం. అప్పుడు రోడ్డు మీద వంద దాటే బండి ఎన్ని ఉండేవి? ఇప్పుడు ఎన్‌హెచ్44 మీద పక్కనుంచి ఏం పోతున్నాయో మీకే బాగా తెలుసు.

సీమ_డీజిల్
సీటే పెట్టించన్నా. రోజూ చూస్తాండా నేను.

గుజిరీ_గణేశ
ట్రావెలర్లలోంచి తీసిన బెల్టుల సీట్లు శివాజీనగర్‌లో దొరుకుతాయి. బెల్టు పూర్తిగా బయటికి లాగి చూడండి, అంచు పీచు లేచి ఉంటే వద్దు. టైర్ల డేటు కూడా చూశారా ఎవరైనా? పక్కన కోడిగుడ్డు ఆకారంలో గీత, దాన్లో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం.

ఎలహంక_రాజు
టార్చ్ వేసి చూశా. ముందు రెండూ 2811. వెనకవి 0612. స్టెప్నీ మీద చదవడానికి కూడా రాలేదు. గాడులు మాత్రం కొత్తవాటిలా లోతుగా ఉన్నాయండీ, మెకానిక్ ఇవి ఇంకా యాభై వేలు తిరుగుతాయన్నాడు.

పాత_పానా
2011లో 28వ వారం. మీ పిల్లల కంటే పెద్దవి. పక్కగోడ వంచి చూస్తే వెంట్రుకల్లాంటి పగుళ్లు ఉంటాయి. ఐదూ మార్చండి, స్టెప్నీతో సహా. ఆ మెకానిక్‌ని కూడా.

ఎలహంక_రాజు
అప్‌డేట్. ఆదివారం అందరం ఎక్కి, ట్యాంకు నిండా డీజిల్ పోయించి, దొడ్డబళ్లాపుర రోడ్డులో ధర్మకాటా మీద నిలబెట్టాం. మంచం, డబ్బాలు ఏమీ లేకుండానే. ఆర్సీలో రాసున్న గ్రాస్ బరువుకి ఇంకా 410 కేజీలు తక్కువ వచ్చింది. ఇంటికొచ్చి లిస్టు వేశాను.

ప్లై ఐదు షీట్లు 170. నీళ్లు 100. బ్యాటరీ, ఇన్వర్టరు 65. ఫ్రిజ్ 20. గ్యాస్, పొయ్యి 15. పరుపులు 30. బట్టలు, సామాన్లు 60. పానాలు, జాకీ, విడి భాగాలు 40. మొత్తం 500.

అంటే కార్పెంటర్ చెప్పినట్టే చేయిస్తే ఎలహంక గేటు దాటకముందే 90 కేజీలు ఎక్కువ.

ఆమ్నీ_సుధ
ఇదే నేను మొత్తుకున్నది! ప్లై 12 ఎంఎం చేయండి, షీటు 21, 22 కేజీలే వస్తుంది, కింద అల్యూమినియం సెక్షన్ పెడితే వంగదు. నీళ్లకు ట్యాంకు బదులు 20 లీటర్ల క్యాన్లు రెండు, దారిలో ఎక్కడైనా నింపుకోవచ్చు. బ్యాటరీ వోల్ట్ గారు చెప్పినది.

ఎలహంక_రాజు
లెక్క వేశాను. ప్లైలో 63, నీళ్లలో 60, బ్యాటరీలో 42 తగ్గాయి. 335. సీటు బరువు కలిపినా లోపలే ఉన్నాను.

వైట్‌ఫీల్డ్_వోల్ట్
ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూచారా? అది కాక, వంట గట్టు, బ్యాటరీ, నీళ్లు మూడూ కుడి పక్కనే పెడితే మొత్తం సరిపోయినా బండి ఒక పక్కకు ఒరుగుతుంది.

ఎలహంక_రాజు
అంతా కట్టాక మళ్లీ తూచినప్పుడు అలాగే చేస్తాను. నీళ్లు ఎడమ వైపుకు మార్చమని చెప్పా. కార్పెంటర్ మొహం చూడాల్సింది, రెండున్నర లక్షల పని తొంభై వేలకు దిగింది.

కేఆర్పురం_ట్రాఫిక్
ఆయన ఈ థ్రెడ్ లింకు అడిగితే మాత్రం ఇవ్వకండి.

కాగితాల_కామేశం
ఆర్టీఓ సంగతి?

ఎలహంక_రాజు
వెళ్లాను. డ్రాయింగు, సీట్ల కొలతలు అడిగారు. పని అయ్యాక బండి చూపించాలి. కర్టెన్లు పెట్టుకోవచ్చా అని అడిగితే ఆగినప్పుడు వేసుకోండి, నడిపేటప్పుడు తీసేయండి అన్నారు. అద్దాలకు ఫిల్ము మాత్రం వద్దన్నారు.

తిండిపోతు_తార
అత్తగారికి బీపీ ఉందా? కాజా 3,600 మీటర్లపైన ఉంటుంది. కిన్నౌర్ వైపు నుంచి ఎక్కడం మంచిదే, ఒంటికి మెల్లగా అలవాటవుతుంది. కల్పాలో, నాకోలో రాత్రిళ్లు ఆగి వెళ్లండి. ముందు ఆవిడ డాక్టర్‌ని అడగండి.

సీమ_డీజిల్
కాజా నుంచి కుంజుం పాస్ మీదుగా మనాలికి దిగాలని మాత్రం ప్లాను పెట్టుకోవద్దన్నా. 4,500 మీటర్లు దాటిన పాస్ అది, మే నెలలో తెరుచుకుంటాదన్న నమ్మకం లేదు. తెరిచినా అటువైపు రోడ్డు రాళ్లూ నీళ్లూ. పోయిన దోవనే తిరిగి రా. నాగపూర్ దగ్గర పొద్దున్నే నాలుగింటికి బయల్దేరి పదింటికి చెట్టు కింద ఆపెయ్. మళ్లీ సాయంత్రం ఐదుకు.

పాత_పానా
స్పితి కంటే ముందు నిండా సామాన్లతో హార్స్‌లీ కొండకు వెళ్లి రండి. మదనపల్లె దాకా మామూలు రోడ్డు, తర్వాత ఘాట్. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు చూడండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగండి, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకండి. కిందికి రాగానే ఆపి నాలుగు డ్రమ్ముల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి వేడి చూడండి, ముట్టుకోవద్దు. ఒకటి మిగతావాటికంటే తేడాగా ఉంటే దాని పని పట్టండి.

ఎలహంక_రాజు
వెళ్లొచ్చాం. ముల్లు సగం దాటలేదు. దిగాక ఎడమ వెనక చక్రం మిగతా మూడింటికంటే బాగా వేడిగా ఉంది, కాలిన వాసన. విప్పితే అడ్జస్టర్ తుప్పు పట్టి షూ వెనక్కి పోవట్లేదు, వీల్ సిలిండర్ బూటు కింద తడి కూడా ఉంది. ఇదే మొదట్లో నా పాత మెకానిక్ "బాగుంది" అన్న చక్రం. జేసీ రోడ్డులో సిలిండర్ దొరికింది, గణేశ గారు చెప్పినట్టు పాతది పట్టుకెళ్లి ఇచ్చా. అత్తగారు మాత్రం వెనక సీట్లో కాళ్లు చాపుకోవడానికి లేదని గొణుగుతున్నారు.

పాత_పానా
కుడి పక్కది మార్చారా?

ఎలహంక_రాజు
అది పొడిగానే ఉంది.

పాత_పానా
రెండూ ఒకే రోజు వేసినవి కదా? మార్చండి.

ఎలహంక_రాజు
సరే మాస్టారూ, శనివారం మళ్లీ జేసీ రోడ్డుకు వెళ్తా.

గుజిరీ_గణేశ
శనివారం మధ్యాహ్నంలోపు వెళ్లండి. ముందు అద్దం బీడింగు కూడా ఒకటి కనబడింది, పక్కన పెట్టించాను.